వాసన చాలలేదు

ఒకప్పుడు కొన్ని నెలలపాటు మా ప్రాంతంలో గోదాము బియ్యం వండితే జలుబు మందు వాసన వేసేది. మిల్లువాళ్ళ పనని కొందరు, గోనెసంచుల్లో ఏదో కలిసిందని కొందరు అనుకున్నారు. నన్నెవరూ అనుమానించలేదు. నా మొహం చూసినవాళ్ళకి నావల్ల అంత పని అవుతుందని తోచదు. కానీ చేసింది నేనే: నడుపూరి కూర్మారావు, సాంకేతిక సహాయకుడు, రెండో గ్రేడు, దేవరవలస గోదాము. ఈ ముక్క ఒప్పుకోవడం ఆలస్యమైంది. మధ్యలో ఇదే పనికి నాకు శాలువా కప్పారు మరి. శాలువా కప్పుకున్న మనిషి నిజం చెప్పేముందు దాన్ని మడతపెట్టి ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటాడు, అలా రోజులు గడిచిపోతాయి.

మా గోదాములో ఏడు వేల బస్తాల బియ్యం ఉంటుంది. చౌక దుకాణాలకీ, బడులకీ, హాస్టళ్ళకీ ఇక్కణ్ణుంచే వెళుతుంది. నా ఉద్యోగం పురుగులు లెక్కపెట్టడం. బస్తాలోకి ఇనపగొట్టం గుచ్చి, గుప్పెడు బియ్యం తీసి, తెల్లకాగితం మీద పరిచి, నడిచేవి ఎన్నో రాయాలి. బతికున్న పురుగు నడుస్తుంది, చచ్చింది నడవదు. ఈ తేడా పద్దెనిమిదేళ్ళుగా కనిపెడుతూ వచ్చినా నాకు ఒకటో గ్రేడు రాలేదు. ఒకటో గ్రేడు వస్తే పురుగుల్ని లెక్కపెట్టక్కర్లేదు, లెక్కపెట్టినవాడి కాగితం మీద సంతకం పెడితే చాలు. ఆ వైభవం కోసమే ఈ కథంతా జరిగింది.

మే నెలలో ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒక కాగితం వచ్చింది. ‘ప్రకృతి బాటలో ధాన్య రక్షణ’ అనే అంశం మీద మూడు రోజుల శిక్షణ. ‘శిక్షణార్థులు మొక్కల నూనెలతో స్వయముగా చేసిన ప్రయోగ ఫలితమును వెంట తీసుకొనిరావలెను. లేనిచో ధ్రువపత్రము ఇవ్వబడదు’ అని కింద గీత గీసి రాశారు. ధ్రువపత్రం లేకపోతే గ్రేడు లేదు. శిక్షణ సోమవారం, కాగితం నా చేతికొచ్చింది బుధవారం సాయంత్రం. మధ్యలో మేనమామ కూతురి పెళ్ళి ఒకటి.

ఇంట్లో మోకాలినొప్పులకని తెచ్చిన నిమ్మగడ్డి నూనె ఉంది. గోదాము నుంచి ఇరవై ముక్కుపురుగుల్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని తెచ్చాను. మా ఆవిడ కనకరత్నాన్ని మూతలున్న గాజు సీసాలు రెండు అడిగాను. ఒకదాంట్లో నూనె వేసి పది పురుగులు, రెండోదాంట్లో నూనె లేకుండా పది పురుగులు పెట్టి పోల్చి చూడాలని నాకూ తెలుసు. అంత చదువు నాకూ ఉంది.

"ఒకటే ఖాళీ. రెండోదాంట్లో మాగాయ ఉంది. మీ పురుగుల కోసం మాగాయ పారబోసుకోమంటారేంటి?" అంది కనకరత్నం.

ఒకవైపు విజ్ఞానశాస్త్రం, ఒకవైపు మాగాయ. నేను వాదించలేదు.

ఒక్క సీసాలోనే అరకిలో బియ్యం పోసి, దూదికి అయిదు చుక్కల నూనె అంటించి, పది పురుగుల్ని వదిలి, మూత బిగించి పడమటి కిటికీలో పెట్టి పెళ్ళికి వెళ్ళిపోయాం. నాలుగు రోజుల తర్వాత వచ్చి చూస్తే పదికి పదీ చచ్చి ఉన్నాయి. మే నెలలో మా పడమటి కిటికీలో మూత బిగించిన సీసాలో నాలుగు రోజులు కూర్చోబెడితే, నూనె చుక్క లేకుండా నేను కూడా చస్తాను. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టినదాన్ని పక్కకి తోసి, బస్సులో కూర్చుని ‘నిమ్మగడ్డి నూనె, అయిదు చుక్కలు, మరణాలు నూటికి నూరు శాతం’ అని రాసుకుంటూ వెళ్ళాను.

శిక్షణకి మా సంయుక్త సంచాలకులు, జేడీ జగదభిరామ్ గారు స్వయంగా వచ్చారు. పొడుగాటి మనిషి. ఏది మాట్లాడినా ప్రారంభోత్సవంలో మాట్లాడినట్టే ఉంటుంది. మిగతావాళ్ళ ప్రయోగాల్లో ఆరు పురుగులో ఏడు పురుగులో చచ్చాయి. నా కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయారు.

"కూర్మారావ్, నువ్వు చేసింది ప్రయోగం కాదు."

 కిటికీ సంగతి తెలిసిపోయిందనుకున్నాను.

"విప్లవం!" అన్నారు. "మన పూర్వీకులకి గోదాములు లేవు. రసాయనాలు లేవు. అయినా వారి ధాన్యంలో పురుగు లేదు. ఎందువల్ల? పరిమళం వల్ల! నూనె అంటే నూనె కాదు, అదొక జీవన దృక్పథం."

మా నానమ్మ జీవితమంతా చేట పట్టుకుని పురుగులేరుతూనే గడిచింది. బియ్యం డబ్బాలో వేపాకు, ఎండుమిరపకాయలు వేసేది, అయినా ఏరేది. ఆ మాట చెబుదామని లేచాను. ఈలోగా అందరూ చప్పట్లు కొట్టారు. లేచి నిలబడ్డాను గనక నమస్కారం పెట్టి కూర్చున్నాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అరకిలోకి అయిదు చుక్కలైతే యాభై కిలోల బస్తాకి అయిదు వందల చుక్కలు, ఏడు వేల బస్తాలకి ముప్పై అయిదు లక్షల చుక్కలు. మూడో తరగతి పిల్లాడి లెక్క. ఎక్కడా తప్పు లేదు. గోదాము సీసా కాదనీ, దానికి మూత లేదనీ, పైన ఇరవై నాలుగు గాలి కిటికీలున్నాయనీ లెక్కలో ఎక్కడా రాదు. డబ్బాల కొద్దీ నూనె దిగింది. కలాసీలు, అంటే మా గోదాములో బస్తాలు మోసేవాళ్ళు, వీపుకి డబ్బాలు తగిలించుకుని పిచికారీ చేశారు. మొదటి రోజు ఊరంతా నిమ్మగడ్డి వాసన. మూడు రోజుల్లో ఘాటు కాస్తా గాలి కిటికీల్లోంచి వెళ్ళిపోయింది. పురుగులు ఆ మూడు రోజులూ గోడలెక్కి సెలవు వాడుకుని, నాలుగో రోజు ఉదయం తిరిగి విధుల్లో చేరాయి. బియ్యానికి పట్టిన వాసన మాత్రం బియ్యంలోనే ఉండిపోయింది.

పురుగులు తిరిగొచ్చాయని నేను రాసి పంపాను. చేసిన తప్పు దానంతటదే బయటపడుతుందని ఆశపడ్డాను. జవాబుగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. ‘నూనె ఆవిరి స్వభావము గలది కావున కంటికి కనబడదు. నూనె వేసినదీ లేనిదీ నిర్ధారించుటకు వాసనయే ఏకైక ఆధారము. కావున ఇకమీదట బియ్యము నాణ్యతను పురుగుల సంఖ్యతో గాక ఘ్రాణ తనిఖీతో నిర్ణయించవలెను. స్థాయిలు నాలుగు: శూన్యము, స్వల్పము, సంతృప్తికరము, ప్రశంసనీయము.’ నా పద్దెనిమిదేళ్ళ పురుగుల లెక్క ఆ రోజుతో రద్దయింది. పురుగులకి ఆ కాగితం అందలేదు.

ఆగస్టులో మొదటి ఘ్రాణ తనిఖీ. జేడీగారు బస్తా దగ్గరికి వంగి, దీర్ఘంగా ఊపిరి పీల్చి, తలెత్తి మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశారు. పై అధికారి వచ్చాడు గదా అని మేం బొమ్మల్లా నిలబడ్డాం. కలాసీలైతే ఆ వాసనకి ఎప్పుడో అలవాటు పడిపోయారు.

"వాసన చాలలేదు," అన్నారాయన. "మోతాదు రెట్టింపు చెయ్యండి. నీలగిరి తైలం కూడా కలపండి."

ఆయన వెళ్ళిన రెండు వారాలకి ఎర్రయ్యమ్మ గోదాముకి వచ్చింది. ఆవిడ మా ఊరి బాలికల హాస్టల్లో వంటమనిషి. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో క్యారేజీ ఉంది. నా బల్ల మీద పెట్టి మూత తీసింది.

"ఒక్కపాలి ఇది తినండి బాబూ."

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మూడు రోజులుగా పట్టేసిన నా ముక్కు తెరుచుకుంది.

"నూట ఇరవై మంది గుంటలు బాబూ," అంది. మా వైపు ఆడపిల్లల్ని గుంటలంటారు. "ఏడు నీళ్ళు కడిగినాను. ఎండేసినాను. సింతపండు పులుసు పోసి కలిపీసినాను. ఏటి సేసినా ఆ వాసన పోనేదు. రెండు ముద్దలు తిని ఒగ్గేత్తన్నారు. ఎంగిలి పట్టుకెళ్ళే పందులోడు కూడా రానన్నాడు, పందులు ముట్టుకోనేదట. నిన్న పొద్దున్న ప్రార్థన కాడ తొమ్మిదో క్లాసు గుంట కళ్ళు తిరిగి పడిపోనాది. అన్నం బాగా వండట్నేదని వార్డెనమ్మ నాకు మెమో ఇచ్చీసినాది."

నేను తల ఊపుతూ కూర్చున్నాను.

"పురుగున్న బస్తా ఒకటి ఇప్పించండి బాబూ. పురుగు తింటాదంటే మనిసీ తినొచ్చు. పురుగంటే సేటలో సెరిగి ఏరుకుంటాను. వాసనని ఏ సేటలో సెరగను?"

అన్ని బస్తాలకీ నూనె పట్టింది, ఇవ్వడానికి ఒక్కటీ లేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ క్యారేజీ సర్దుకుంటూ, "ఈ నూనె కనిపెట్టినోడెవడో గానీ, ఆడింట కూడా ఇదే బియ్యం వండాల," అంది.

"పై ఆఫీసులో ఎవరోనమ్మా," అన్నాను. ఆవిడ వెళ్ళాక కూడా ఆ మాట నా నోట్లో అన్నం కంటే ఎక్కువసేపు వాసన వేసింది.

అక్టోబరులో జేడీగారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయనకి నిజం చెప్పెయ్యాలని నిర్ణయించుకున్నాను. అయితే ఏడో వరస బస్తాల వెనక పందికొక్కు ఒకటి చచ్చి రెండు రోజులైంది. కళేబరం ఎక్కడుందో కలాసీలకి ఇంకా దొరకలేదు. ఆయన సరిగ్గా అటే నడిచారు. వెనకాల నడుస్తున్న మేమంతా తువ్వాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాం. ఒకరిద్దరికి కళ్ళ నీళ్ళొచ్చాయి. జేడీగారు ఆగి, వెనక్కి తిరిగి, మా మొహాలు చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ చాపి గుండెల నిండా గాలి పీల్చారు.

"ఆహా! ఇదీ పరిమళమంటే! రాయి కూర్మారావ్, ప్రశంసనీయం!"

"సార్, అక్కడ పందికొక్కు..."

"పందికొక్కులు కూడా పారిపోయాయా? అది కూడా రాయి. మిగతా వరసలు ఈ స్థాయికి రావాలి. లవంగ నూనె చేర్చండి."

నేను రాశాను. రాయడం అలవాటైన చెయ్యి, మెదడుని అడక్కుండా రాసేస్తుంది.

పిల్లలు అన్నం వదిలేస్తున్నారని అప్పటికి ఆయనదాకా ఫిర్యాదు వెళ్ళింది. స్వయంగా తేలుస్తానని హాస్టలుకి బయల్దేరి నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. భోజనాల వసారాలో పిల్లలు బారుగా కూర్చుని కంచాల్లోకి చూస్తున్నారు. ఎర్రయ్యమ్మ వడ్డించింది. జేడీగారు పప్పు కలిపి, ముద్ద మీద ముద్ద ఆరగించి, మారు వడ్డించుకున్నారు. రెండు రకాల నూనెలు పట్టిన అన్నం ఆయన అలా తింటుంటే నూట ఇరవై మంది పిల్లలూ తినడం మాని చూస్తున్నారు.

"అద్భుతం!" అన్నారాయన. "బియ్యంలో లోపం లేదు, వంటలో లోపం లేదు. పిల్లలు వదిలేస్తున్నారంటే వడ్డనలో ప్రేరణ లోపించింది. వచ్చే తనిఖీ నాటికి ఎంగిలి బకెట్లు ఖాళీగా కనబడాలి. లేదంటే ఈవిడని తొలగించి, ప్రేరణ కలిగించగల వంటమనిషిని పెట్టుకోండి."

ఎర్రయ్యమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె కళ్ళు జేడీగారి మీద లేవు, నా మీదున్నాయి. అప్పటికి నా నోట్లో రెండో ముద్ద ఉంది. అది మింగి చెబుదామనుకున్నాను. మింగలేకపోయాను, చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం కలాసీల మేస్త్రీ సన్యాసి నా బల్ల దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, ఆ సారుకి ముక్కు పన్జెయ్యదండి."

"ఛ, ఊరుకో."

"పందికొక్కు కాడే తెలిసిపోనాది. ఆయన బస్తా వాసన సూడట్నేదు బాబూ, మన మొకాలు సూసి మార్కులేత్తన్నారు. మనం బాగున్నావంటే వాసన సాల్లేదు, మనం సచ్చిపోతన్నావంటే సాలిపోనాది."

నాకు ఆగస్టు గుర్తొచ్చింది, హాస్టల్లో మారు వడ్డన గుర్తొచ్చింది. ఘ్రాణ తనిఖీ రాష్ట్రంలో ఎవరో ఒకరు మొదలుపెట్టాలి గనక, ముక్కు లేనాయన మొదలుపెట్టాడు. ఈ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం ఆయన కింద పనిచేసే ఎవరికీ లేదు, నాతో సహా.

"మరేం చేద్దాం?" అన్నాను.

"మొకాలు మన సేతిలో పనే కదా బాబూ," అన్నాడు సన్యాసి.

ఆ మర్నాటి నుంచి మా గోదాములో నూనె పిచికారీ ఆపేశాం. నూనె డబ్బాలు పాత తూకాల గదిలోకి వెళ్ళాయి. కొత్తగా వచ్చిన బియ్యం వచ్చినట్టే హాస్టలుకి వెళ్ళింది. డిసెంబరు తనిఖీకి ముందు వారం రోజులు కలాసీలకి ఏడవడం నేర్పాం. తువ్వాలు మడతలో కోసిన ఉల్లిపాయ, సైగ చెయ్యగానే మొహానికి అడ్డం, తర్వాత రెండు దగ్గులు. ఒకడు ఉత్సాహం పట్టలేక నేల మీద పడి దొర్లాడు. "నువ్వు ఏడిత్తే సాలురా, సావక్కర్నేదు," అని సన్యాసి కసిరాడు. నాకూ ఒక ఉల్లిపాయ ఇచ్చారు. నాది పెద్ద ఉద్యోగం గనక పెద్దదే ఇచ్చారు.

డిసెంబరులో జేడీగారు ఒట్టి బియ్యం దగ్గర వంగి, ఊపిరి పీల్చి, తలెత్తారు. ఎదురుగా పన్నెండుమంది కలాసీలు, ఒక సాంకేతిక సహాయకుడు కన్నీరు మున్నీరుగా ఉన్నారు. ప్రతి వరసకీ ప్రశంసనీయం పడింది. హాస్టలుకి వెళితే ఎంగిలి బకెట్లు ఖాళీ. పిల్లలు కంచాలు నాకేస్తున్నారు.

"చూశావా కూర్మారావ్!" అన్నారాయన నా భుజం తట్టి. "సుగంధం పెరిగేకొద్దీ ఆకలి పెరుగుతుంది. ఇది నేను మొదట్నుంచీ చెబుతున్న సిద్ధాంతం."

ఆయన మొదట్నుంచీ అలాంటిదేదీ చెప్పలేదు, అయినా నేను ఔనన్నాను. ఎర్రయ్యమ్మ ఉద్యోగం నిలబడింది. ఆ సంతోషంలో నాకు మిగతాదేదీ పట్టలేదు.

జనవరిలో నాకు శాలువా కప్పారు. ఏప్రిల్ చివర్లో అసలు ఉత్తర్వు వచ్చింది. దేవరవలస ఫలితాలను బట్టి, వచ్చే జూన్ నుంచి రాష్ట్రంలోని అన్ని గోదాముల్లోనూ, అన్ని హాస్టళ్ళ బియ్యానికీ మూడు నూనెల మిశ్రమం. మోతాదు నిర్ణయించాల్సింది జేడీగారు. అందరికీ శిక్షణ ఇవ్వాల్సింది నేను. శిక్షణ పూర్తికాగానే ఒకటో గ్రేడు.

హాస్టలుకి సెలవులు. ఎర్రయ్యమ్మ వంటింట్లో గంగాళాలు తోముకుంటోంది. ఉత్తర్వు సంగతి చెప్పాను. గ్రేడు సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలీదు. ఆవిడ చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది.

"మా గుంటలకి తప్పిపోనాది, మీ పున్నెవే. మరి మిగతా ఊళ్ళ గుంటలకి? ఊరూరికీ మన సన్యాసి ఎల్లి ఏడవగలడేటి బాబూ?"

నేను చేతిలో ఉత్తర్వుని మడతపెట్టాను.

"ఆ నూనె కనిపెట్టినోడికి మనసన్నదే నేదేటి?"

"ఉందమ్మా," అన్నాను. "నేనే."

సీసా, మాగాయ, కిటికీ, మేనమామ కూతురి పెళ్ళి, అన్నీ వరసగా చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.  ఆవిడ పీట వాల్చి, తన కోసం వండుకున్న అన్నంలోంచి కంచంలో పెట్టి నా ముందుంచింది.

"తినండి. తిని ఎల్లి ఆ మాటే ఆయనకి సెప్పండి. మీరే సెప్పాల."

ఇంటికొచ్చి రెండో సీసాలో మాగాయని నేనే గిన్నెలోకి ఒంపాను. కనకరత్నం ఏదో అనబోయి, నా మొహం చూసి గిన్నెకి మూత వెతకడానికి వెళ్ళింది. సీసా కడిగి, ఆరబెట్టి, అరకిలో బియ్యం, పది పురుగులు వేసి, నూనె చుక్క వెయ్యకుండా మూత బిగించి అదే పడమటి కిటికీలో పెట్టాను. నాలుగు రోజుల తర్వాత పదికి పదీ చచ్చి ఉన్నాయి. ఏడాది కిందట చెయ్యాల్సిన పని అది.

ఆ సీసా పట్టుకుని జేడీగారి ఆఫీసుకి వెళ్ళాను. ఆయన ఎదుట నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక్క గుక్కలో చెప్పాను.

"సార్, ఇది రెండో సీసా. ఇందులో నూనె లేదు. అయినా పది పురుగులూ చచ్చాయి. అప్పుడు చంపింది నూనె కాదు సార్, మే నెల ఎండ. నా ప్రయోగం తప్పు. నా వల్ల పిల్లలు నాలుగు నెలలు సరిగ్గా అన్నం తినలేదు."

 కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా దగ్గర ఆరోజు ఉల్లిపాయ లేదు.

జేడీగారు సీసా మూత తీశారు. ముక్కు దగ్గర పెట్టుకుని దీర్ఘంగా పీల్చారు. తలెత్తి నా మొహంలోకి చూశారు. అలా చూస్తూనే ఉండిపోయారు.

"కూర్మారావ్," అన్నారు మెల్లగా. "ఇంత ఘాటా?"

"సార్, అందులో నూనె లేదు."

"కంటికి కనబడదు. అదే దాని గొప్పతనం."

"ఒక్క చుక్క కూడా వెయ్యలేదు సార్!"

"ఒక్క చుక్క కూడా అక్కర్లేని స్థాయికి తెచ్చావన్నమాట!" ఆయన కుర్చీలోంచి లేచారు. "పది పురుగులూ మృతి. శాస్త్రవేత్త కళ్ళ వెంట నీళ్ళు. ఇంతకు మించిన సూక్ష్మ మోతాదు ప్రపంచంలో లేదు. వినయం నీకు మంచిదే, శాస్త్రానికి మంచిది కాదు. రాష్ట్రమంతటా రెండో సీసా మోతాదే ఖరారు చేస్తున్నాను."

ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు ఆయన అన్న మాట నెమ్మదిగా నా బుర్రకెక్కింది. ఇప్పటికి మూడుసార్లు నిజం చెప్పాను. రెండో సీసా మోతాదంటే సున్న; నాలుగోసారి చెప్పి అందులో మోతాదే లేదని ఆయన్ని ఒప్పించానంటే, పాత ఉత్తర్వు ప్రకారం రాష్ట్రంలో హాస్టళ్ళన్నిటికీ నూనె బయల్దేరుతుంది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి సరైన చోట నోరు మూసుకున్నాను.

ఉత్తర్వు వెళ్ళింది. రెండో సీసా మోతాదు అంటే బస్తాకి ఎన్ని చుక్కలో తెలియజేయవలసిందిగా అన్ని గోదాముల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. సాంకేతిక బాధ్యుడిగా అందరికీ ఒకటే జవాబు రాశాను: ‘చుక్కల సంఖ్య: 0, అక్షరాలా సున్న మాత్రమే. మోతాదు వేయుటకు ముందు గోదామును శుభ్రముగా ఊడ్చి, పాత బస్తాలను ముందుగా పంపవలెను.’ వర్షాకాలంలో మోతాదు రెట్టింపు చేయవచ్చునా అని ఒక అధికారి అడిగారు. నిరభ్యంతరంగా చేయవచ్చునని జవాబిచ్చాను. ఆయన చేశారట. ఫలితాలు బాగున్నాయని రాశారు.

జూన్‌లో నాకు ఒకటో గ్రేడు వచ్చింది. ఆ వారమే బడులు తెరిచారు. హాస్టలు మీదుగా వెళుతుంటే ఎర్రయ్యమ్మ వంటింటి మెట్టు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. లోపల పిల్లలు కంచాలు మోగిస్తున్నారు.

"వచ్చీసినాయి బాబూ, సూడండి!" అని గట్టిగా కేకేసింది. మా ఊళ్ళో పురుగు కనబడితే అంత సంబరపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

దగ్గరికెళ్ళి వంగి చూశాను. చేట అంచున ముక్కుపురుగులు మెల్లగా నడుస్తున్నాయి. ఒకటో గ్రేడువాడు పురుగులు లెక్కపెట్టక్కర్లేదు. అయినా లెక్కపెట్టాను. మూడు. ఎర్రయ్యమ్మ వాటిని వేలితో బయటికి చిమ్మి, బియ్యం ఎసట్లో పోసింది.